నాలుగో నక్షత్రం

కోచ్ ఫోను పెట్టేసి పావుగంట అయింది. వంటింటి బల్ల మీద ఆ ఫోను బోర్లా పడి ఉంది. ముగ్గురిలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

బల్లకు అవతలి కొసన అట్టపెట్టెలో కేకు ఉంది. దాని మీద ఆకుపచ్చ, బంగారు రంగు క్రీముతో పెలికన్ స్టేట్ యూనివర్సిటీ పేరు, దాని కింద జెవోన్ డెక్విర్ అని కొడుకు పేరు. రేపు పొద్దున పదింటికి స్కూలు జిమ్‌లో, యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో చేరే కాగితం మీద జెవోన్ సంతకం పెట్టాక కొయ్యడానికి ఒడెట్ మధ్యాహ్నమే తెచ్చి పెట్టింది.

యూనివర్సిటీ కోచ్ చాలా మర్యాదగానే మాట్లాడాడు. ఈ ఏటి చోట్లు నిండిపోయాయన్నాడు. టెక్సాస్ కుర్రాడొకడు చివరి నిమిషంలో ఒప్పుకున్నాడన్నాడు. జూన్‌లో ఇదే బల్ల దగ్గర కూర్చుని మాటిచ్చారు కదా సార్ అని జెవోన్ అడిగితే, ఇచ్చిన మాట నిజమేననీ, పరిస్థితులు మారాయనీ అన్నాడు. చివర్లో దేవుడు మేలు చేయాలని దీవించాడు.

జెవోన్ "సరే సార్, థాంక్యూ సార్" అన్నాడు. ఆ థాంక్యూ ఒడెట్ గుండెలో ముల్లులా దిగింది.

ఆమె భర్త హార్లన్ చక్కెర మిల్లు నుంచి వచ్చినవాడు వచ్చినట్టే ఉన్నాడు. చెరకు ఆడే రోజులు. బాయిలర్ల దగ్గర పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి, బూట్లు కూడా విప్పలేదు. తన ఫోను తీసి ఏదో వెతుకుతున్నాడు.

"వాడికి నాలుగు స్టార్లు," అన్నాడు చాలాసేపటికి. "ఆ టెక్సాస్ వాడికి. వాణ్ణి తీసుకుంటే వీళ్ల జట్టు దేశంలో పదో ర్యాంకుకు ఎక్కుతుందట. మనవాణ్ణి ఉంచుకుంటే పన్నెండట."

"మనవాడికీ నాలుగేగా," అంది ఒడెట్.

హార్లన్ ఫోను ఆమె వైపు తిప్పాడు.

స్కూలు ఆటగాళ్లకు స్టార్లిచ్చే వెబ్‌సైటులో జెవోన్ పేజీ. రెండేళ్లుగా ఆమెకది కంఠతా వచ్చు. జెవోన్ ఫోటో, ఎత్తు, బరువు, స్కూలు పేరు, సెయింట్ ఓడీల్ అని ఊరి పేరు, దాని పక్కన నాలుగు నక్షత్రాలు. ఇప్పుడు మూడే వెలుగుతున్నాయి. నాలుగోది బూడిదరంగులో ఉంది. కింద రెండు వాక్యాలు కొత్తగా వచ్చాయి. వేగం ఉంది, వెనక్కి పరుగెత్తుతూ తిరిగేటప్పుడు ఒక అడుగు ఆలస్యమవుతున్నాడు అని ఒకటి. పెద్ద స్థాయి ఆటకు ఇంకా దూరం అని రెండోది. పది రోజుల కిందటి తేదీ. రాసినవాడి పేరు ప్రెంటిస్ లాకూర్.

ఆమె ఆ పేరు రెండుసార్లు చదువుకుంది, తెలియని పేరైనట్టు.

"నీ తమ్ముడే," అన్నాడు హార్లన్.

ప్రెంటిస్‌కి పదకొండేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటికి ఒడెట్‌కి పంతొమ్మిది. బడికి పంపింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, పెళ్లి చేసుకుని వచ్చేటప్పుడు వాణ్ణీ వెంటబెట్టుకునే ఈ ఇంటికి వచ్చింది. ఈ దొడ్లోనే వాడు బంతి పట్టడం నేర్చుకున్నాడు. ఆటగాడు కాలేకపోయినా ఆటగాళ్లను చూసే కన్ను వచ్చింది. ఇప్పుడు దేశంలో సగం యూనివర్సిటీలు వాడు పనిచేసే ఆ వెబ్‌సైటు చూసి స్కూలు పిల్లలకు వల వేస్తున్నాయి. రేపటి వేడుకకని ఈ సాయంత్రమే బయల్దేరి వస్తున్నాడు కూడా.

హార్లన్ వాణ్ణి గుమ్మం తొక్కనివ్వనన్నాడు. సంగతేమిటో వినకుండా ఎలా అంటావని ఒడెట్ అడ్డుపడింది. వినడానికేముంది, అచ్చులో ఉందిగా అని అతను. నువ్వు పెంచిన పామే అని కూడా అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీద వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"రానీ నాన్నా," అన్నాడు జెవోన్. ఫోను పెట్టాక అతను నోరు విప్పడం అదే మొదలు. "మామని నేనొక మాట అడగాలి."

పొద్దు వాలుతుండగా ప్రెంటిస్ కారు వచ్చి ఆగింది. చెరకు లారీల బురద తలుపుల దాకా కొట్టుకుని ఉంది. చేతిలో బూడాన్ సాసేజీల పొట్లం, ఎప్పుడూ తెచ్చే కొట్టునుంచే. వంటింట్లో అడుగు పెట్టి ముగ్గురి ముఖాలూ చూశాడు. పొట్లం బల్ల మీద పెట్టలేక, పట్టుకునీ ఉండలేక, చివరికి పొయ్యి పక్కన పెట్టాడు.

"ఏం బావమరిదీ, సంతకానికొచ్చావా, దినానికొచ్చావా?" అన్నాడు హార్లన్.

ప్రెంటిస్‌కి అర్థమైంది. "ఎప్పుడు చేశారు ఫోను?" అని అడిగాడు.

"నాలుగుంబావుకి. నీకు ముందే తెలియదా?"

"ఇంత పని చేస్తారని తెలియదు బావా. మాట ఇచ్చారు కదా, నిలబెట్టుకుంటారనుకున్నాను."

హార్లన్ నవ్వాడు. మాటిచ్చింది జెవోన్‌కి కాదు, నాలుగు స్టార్లకి అన్నాడు. ఆ తరువాత చాలాసేపు అతనే మాట్లాడాడు. ఈ చెరకు తోటల మధ్య పుట్టి ఈ ఎండలో పరుగులు నేర్చిన పిల్లలకు ఈ రాష్ట్రపు యూనివర్సిటీలో చోటుండదు. ఎక్కడో టెక్సాస్‌లో పుట్టినవాడికి ఉంటుంది. ఇక్కడి పిల్లల్ని రాష్ట్రం దాటి పోనివ్వబోమని ప్రతి ఎండాకాలం ఇక్కడికొచ్చి మీటింగుల్లో చెప్పేదీ వీళ్లే. అయినా బయటివాళ్లననేం లాభం, ఇంటివాడే కంట్లో వేలు పెట్టి పొడిచాక.

ప్రెంటిస్ తల వంచుకుని అంతా విన్నాడు.

"ఒక్క పది రోజులు ఆగలేకపోయావా?" అంది ఒడెట్. ఆమె అడిగింది అదొక్కటే. "సంతకం అయ్యాక నీ ఇష్టం వచ్చినట్టు రాసుకోకపోయావా?"

అప్పుడు చెప్పాడు. ముప్పైమంది కుర్రాళ్ల ఆటను మళ్లీ చూడమని ఆఫీసులో పైవాళ్లు అడిగారు. వీడియోలు వేసుకుని ఎనిమిదిమంది కూర్చున్నారు. జెవోన్ వంతు వచ్చేసరికి ఏడుగురు మూడే అన్నారు. నాలుగన్నది ప్రెంటిస్ ఒక్కడే. ఈ కుర్రాడు నీకేమవుతాడని ఒకామె అడిగింది. మేనల్లుడని చెప్పాడు. గదిలో ఎవరిదో కుర్చీ కదిలిన చప్పుడు వినిపించిందట.

"నేను తియ్యకపోతే వాళ్లే తీసేవాళ్లు అక్కా. పైగా, మామ రాశాడు కాబట్టి దొంగ స్టార్ అని నలుగురికీ తెలిసేది. నేనే తీస్తే వట్టి మార్పులా ఉంటుందనుకున్నాను."

ఆ మాట అన్నాక, అనకుండా ఉండాల్సిందని అతని ముఖంలోనే తెలిసింది.

జెవోన్ ముందుకు వంగాడు.

"దొంగ స్టార్ అన్నావు. మామా, పదో తరగతిలో నాకది ఇచ్చినప్పుడు, నా ఆట చూసే ఇచ్చావా?"

గోడ గడియారం కింద రిఫ్రిజిరేటర్ ఒకసారి గురగురమని ఆగింది.

"చెప్పు మామా. నేనేమీ అనుకోను."

"లేదు నాయనా," అన్నాడు ప్రెంటిస్. "అప్పుడు నీ ఆట మూడు స్టార్ల ఆట. మంచి మూడు. నేనే ఒకటి కలిపాను."

జెవోన్ నెమ్మదిగా తలూపాడు. లెక్క తప్పెక్కడో దొరికిన పిల్లవాడిలా ఉంది ఆ తలూపడం. ఆ నక్షత్రం వచ్చిన నెల తిరక్కుండానే పెలికన్ స్టేట్ వాళ్లు ఫోను చేశారు. వాళ్లు చేశాక ఇంకో పదకొండు యూనివర్సిటీలు చేశాయి. చర్చిలో ఫాదర్ పేరు పెట్టి పలకరించాడు. రెండేళ్లపాటు పొద్దున్నే లేచి అద్దంలో చూసుకున్నవాడు ఎవడో, ఇప్పుడు జెవోన్ ఆలోచించుకుంటున్నట్టున్నాడు.

"నిన్నెవడడిగాడు కలపమని?" అన్నాడు హార్లన్. "నా కొడుక్కి నీ దానం కావాలని నిన్నెవరైనా అడిగారా?"

ఒడెట్ చేతిలో కాఫీ పాత్ర ఉంది. ఆమె దాన్ని కింద పెట్టేసింది.

అడిగింది ఆమే. రెండేళ్ల కిందట, మార్చిలో, బస్సులు నిలిపే యార్డులో. స్కూలు బస్సు నడుపుతుంది ఒడెట్. పద్నాలుగో నంబరు. ఆటలున్న రోజుల్లో జట్టును ఊరూరా తిప్పేదీ ఆమే. పక్క ఊరి కుర్రాడికి నాలుగు స్టార్లు వచ్చాయనీ, వాడి తల్లి బజార్లో పలకరించకుండా పోయిందనీ తమ్ముడికి చెప్పింది. నీ చేతిలో పనేగా అంది. ప్రెంటిస్ కుదరదన్నాడు. వారం పోయాక మళ్లీ అడిగింది. మళ్లీ కుదరదన్నాడు. మూడోసారి ఆమె, నిన్ను పెంచినందుకు ఇన్నేళ్లలో నేనేదైనా అడిగానా అంది. అంతే. ఆ శనివారం నాలుగో నక్షత్రం వెలిగింది.

ప్రెంటిస్ ఆమె వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి మెడ బిగించుకుని మరీ కూర్చున్నాడు.

"ఎవరూ అడగలేదు బావా," అన్నాడు. "నా అంతట నేనే చేశాను."

హార్లన్ లేచి వెళ్లి వీధి తలుపు తీసి పట్టుకున్నాడు. ప్రెంటిస్ జెవోన్ భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెనక్కి తీసుకున్నాడు. గుమ్మం దాటేటప్పుడు "వెళ్లొస్తానక్కా" అన్నాడు. కారు చెరకు లారీల వెనక రోడ్డెక్కి వెళ్లిపోయేదాకా ఆమె కిటికీ దగ్గరే నిలబడింది.

ఆమె బల్ల దగ్గరికి తిరిగి వచ్చేసరికి జెవోన్ ఫోను చేతిలోకి తీసుకుని ఉన్నాడు.

"ఆంబ్రోజ్ సార్‌కి చేస్తాను," అన్నాడు.

ఆంబ్రోజ్ మార్ష్‌ఫీల్డ్ కాలేజీ కోచ్. చిన్న కాలేజీ, ఇక్కడికి గంట దూరం. వాళ్ల ఆటలు టీవీలో రావు. జెవోన్ తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, ఏ వెబ్‌సైటులోనూ అతని పేరు లేని రోజుల్లోనే, ఆ మనిషి వర్షంలో గొడుగు లేకుండా నిలబడి ఆట చూసి వెళ్లేవాడు. ఎప్పుడు వచ్చినా ఏదో ఒక చిన్న సంగతి చెప్పేవాడు, మోకాలు ఇంకాస్త వంచమనో, ఎదుటివాడి నడుమే చూడమనో. అక్టోబరు నుంచి ఎందుకో రావడం మానేశాడు.

"ఇప్పుడెందుకు?" అన్నాడు హార్లన్. "పొద్దున ఆలోచిద్దాం."

"పొద్దున సంతకాలు నాన్నా."

"ముందు నా మాట విను..."

జెవోన్ అప్పటికే నంబరు నొక్కి, అందరూ వినేలా ఫోను బల్ల మీద పెట్టాడు. రెండో రింగుకే ఎత్తాడు ఆంబ్రోజ్. గొంతులో ఆశ్చర్యం, ఆప్యాయత కలిసి వినిపించాయి. జెవోన్ జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాడు. యూనివర్సిటీ వద్దన్న సంగతీ, స్టార్ పోయిన సంగతీ ఏదీ దాచలేదు. మీ దగ్గర చోటుంటే వస్తాను సార్ అన్నాడు.

"నాయనా, మొన్న ఆదివారం దాకా నీ చోటు అలాగే ఉంచాను," అన్నాడు ఆంబ్రోజ్. "నువ్వు మనసు మార్చుకుంటావేమోనని. అక్టోబరులో మీ నాన్నగారు చెప్పారనుకో, అయినా చూశాను."

"ఏం చెప్పారు సార్?"

"పోనీలే. అయిపోయిందిగా."

"చెప్పండి సార్."

"మా కాలేజీ పేరు నీ పేరు పక్కన కనబడితే నీకు నామోషీగా ఉందన్నావని చెప్పారు. ఇంక ఆటలకు రావద్దన్నావని. నాకు కోపం లేదురా. పద్దెనిమిదేళ్లకి నేనూ అలాగే ఉండేవాణ్ణి."

జెవోన్ తండ్రిని చూశాడు. హార్లన్ తన బూట్లను చూసుకుంటున్నాడు.

"నేనలా అనలేదు సార్," అన్నాడు జెవోన్. గొంతు పెంచలేదు. "ఎప్పుడూ అనలేదు."

"అలాగా," అన్నాడు ఆంబ్రోజ్. తరువాత ఇంకోసారి, నీరసంగా, "అలాగా" అన్నాడు. ఆ చోటు నిన్న సాయంత్రమే జెవోన్ జట్టులోని డారియల్ కోమోకి ఇచ్చేశానని చెప్పాడు. డారియల్‌కి రెండే స్టార్లు. వాణ్ణి అడిగిన మరో కాలేజీ లేదు. వాడి తల్లి ఫోనులోనే ఏడ్చిందట.

జెవోన్ కళ్లు మూసుకుని తెరిచాడు.

"వాడు బాగా ఆడతాడు సార్. వెనక్కి తిరగడం నాకంటే వాడికే బాగా వచ్చు. కాస్త భయస్తుడు, మొదట్లో అరవకండి," అన్నాడు.

ఫోను ఆగిపోయాక హార్లన్ మాట్లాడాడు. ఇందాకటి గొంతు కాదది. నీ మంచికే చేశానన్నాడు. పెద్ద యూనివర్సిటీ వాళ్లు వచ్చి కూర్చున్నప్పుడు చిన్న కాలేజీ మనిషి చుట్టూ తిరుగుతుంటే వాళ్లు లోకువ కడతారని భయపడ్డానన్నాడు. తన పద్దెనిమిదో ఏట, ఈ ఊళ్లో తనంత గట్టిగా ఆడినవాడు లేడనీ, ఏదో ఒక కాలేజీ కోచ్ కారు వచ్చి ఆగుతుందని సీజనంతా చూశాననీ, ఒక్కటీ రాలేదనీ అన్నాడు. జనవరిలో మిల్లులో చేరాడు. ఈ సంగతి ఒడెట్‌కే ఎప్పుడూ ఇంత వివరంగా చెప్పలేదు.

"నా కోసం వచ్చిన కారుని పంపేశావు నాన్నా," అన్నాడు జెవోన్.

హార్లన్ చెయ్యి చాపాడు. జెవోన్ లేచి తన గదిలోకి వెళ్లి తలుపు చేరవేసుకున్నాడు. కొట్టినట్టు వేసి ఉంటే బాగుండేదనుకుంది ఒడెట్. గడియ పడిన చప్పుడు కూడా రాలేదు.

మర్నాడు పొద్దున ఆమె ఎప్పటిలాగే బస్సు తీసింది. పిల్లలు ఎక్కారు, దిగారు. ఇద్దరు ముగ్గురు తల్లులు గేటు దగ్గర నిలబడి ఆమెకు శుభాకాంక్షలు చెప్పారు. కొందరికింకా తెలియదు. తెలిసినవాళ్లు చెయ్యి ఊపి గబగబా లోపలికి వెళ్లిపోయారు.

జిమ్‌లో సంతకాలకు మూడు బల్లలకు బదులు రెండే వేశారు. స్కూలు కోచ్ బాబినో పొద్దున్నే వచ్చి జెవోన్ పేరున్న అట్టముక్క తీసేశాడు. ఆకుపచ్చ, బంగారు రంగు బుడగలు మాత్రం గోడకు అలాగే ఉండిపోయాయి. వాటికి నిచ్చెన కావాలి.

జెవోన్ రానక్కర్లేదని కోచ్ కబురు పంపాడు. అయినా వచ్చాడు, మామూలు తెల్ల చొక్కాలో. డారియల్ తండ్రి సముద్రంలో చమురు బావి మీద పనిలో ఉన్నాడు. సెలవు దొరకలేదు. నాన్న కుర్చీలో నువ్వు కూర్చో అని డారియల్ అడిగితే జెవోన్ వెళ్లి కూర్చున్నాడు. డారియల్ చేతిలోంచి కాగితం జారితే పట్టుకుని ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే జెవోన్ అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు. బుడగల కింద హార్లన్ మిల్లు బట్టల్లో నిలబడి ఉన్నాడు. చప్పట్లు ఆగకముందే వెళ్లిపోయాడు.

ఒడెట్ జనంలోంచి బయటపడి జిమ్ వెనక నిలిపిన బస్సులోకి వెళ్లి సీట్లో కూర్చుంది. స్టీరింగ్ పట్టుకుంటే కాస్త ఊపిరి ఆడింది. రాత్రంతా తమ్ముడికి ఫోను చెయ్యాలనుకుంది. చెయ్యలేదు.

తలుపు తోసుకుని జెవోన్ ఎక్కాడు. ఆమె వెనక మొదటి సీట్లో కూర్చున్నాడు. డారియల్ వాళ్లమ్మ నిన్ను వెతుకుతోందన్నాడు. సరేనంది ఆమె. కాసేపు ఇద్దరూ ముందు అద్దంలోంచి చెరకు నరికేసిన పొలాన్ని చూశారు. ఆకు తగలబెట్టిన నల్లటి మసి గాలికి లేస్తోంది.

"అమ్మా, ఎవరూ అడగలేదన్నాడు మామ," అన్నాడు జెవోన్.

ఆమె పొలం మీంచి చూపు తిప్పలేదు.

"మామ అలాంటివాడు కాదు. మనింట్లో మంచినీళ్లు కావాలన్నా నిన్నడిగి తాగుతాడు. తనంతట తను అంత పని చెయ్యడు."

అబద్ధం చెప్పడానికి తమ్ముడు దారి వేసే వెళ్లాడు. దాని మీద నడిస్తే చాలు. అద్దంలో కొడుకు ముఖం కనిపిస్తోంది. నిన్న సాయంత్రం నుంచి ఆ ముఖానికి నిజం చెప్పినవాళ్లందరూ వాణ్ణి దెబ్బ కొట్టినవాళ్లే.

"నేనే అడిగాను," అంది ఒడెట్.

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

"మొదటిసారి ఏమన్నాడు?"

ఆమె స్టీరింగ్ మీద వేళ్లు బిగించింది. ఇది కూడా అడుగుతాడని ఆమె అనుకోలేదు.

"ఒక్క ఏడాది ఆగమన్నాడు. వాడింకా పెరుగుతున్నాడు, తొందరపెట్టకు అన్నాడు. వాడిదంటూ వాడే తెచ్చుకుంటాడేమో చూద్దామన్నాడు."

జెవోన్ లేచాడు. దిగిపోతాడనుకుని ఆమె తలుపు మీట మీద చెయ్యి వేసింది. అతను అటు కాక, సీట్ల మధ్యనుంచి నడుచుకుంటూ వెనక్కి వెళ్లాడు. ఒక్కొక్క వరస దాటుకుంటూ చివరి సీటు దాకా వెళ్లి, కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. పిల్లల్ని చూసుకునే పెద్ద అద్దంలో ఆమెకు అతని భుజం ఒక్కటే కనిపిస్తోంది. అది అదురుతోంది.

మూడింటి దాకా ఆ బస్సు కదలాల్సిన పని లేదు. ఆమె లేచి వెనక్కి వెళ్లలేదు. అతను దిగలేదు.